బరువు దించాక... ఒక్క నిమిషం!

బరువు ఎత్తుతున్నప్పుడు అందరి కళ్లూ చేతుల మీదే ఉంటాయి. గుండెకు మాత్రం అసలు పరీక్ష దించాకే మొదలవుతుంది. అప్పటిదాకా ఎగిసిపడిన ఆ గుప్పెడంత గుండె ఎంతసేపట్లో నెమ్మదిస్తోంది, ఎలా నెమ్మదిస్తోంది అన్నదాన్ని బట్టి వైద్యులు చాలా సంగతులు చెప్పగలరు. కాకపోతే ఆ లెక్క చూడ్డానికో పద్ధతుంది!

2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్ వేదిక మీద శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 130 కిలోల బరువును తలపైకి ఎత్తి నిలబడింది. అంతకుముందు స్నాచ్‌లో ఎత్తిన 110 కిలోలతో కలిపి మొత్తం 240. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమె పేరు చరిత్రకెక్కడానికి ఆ కొద్ది సెకన్లు చాలు. దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ బార్ కింద పడ్డాక ఆమె గుండె ఏం చేస్తోందో మనలో ఎవరికి పట్టింది కనుక!

ఆ ఆట నిబంధనలకు మాత్రం పట్టింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో పేరు పిలిచాక బరువెత్తడానికి ఇచ్చే గడువు ఒక్క నిమిషం. అదే వరసగా రెండోసారీ తనే ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలిస్తారు. ఊపిరి కుదుటపడడానికి దొరికే వ్యవధి అదే.

ఇప్పుడా నిమిషాల లెక్క మన ఇళ్లలోకీ వచ్చేసింది. మధుమేహమో రక్తపోటో బయటపడ్డాక 'నడక ఒక్కటే చాలదు, కండరాలకీ పనిపెట్టండి' అని డాక్టరు చెప్పడంతో యాభై దాటిన నాన్న డంబెల్స్ పట్టుకుంటున్నాడు. చేతికి స్మార్ట్‌వాచీ. ఒక సెట్టు పూర్తిచేసి చూసుకుంటే 148! నిమిషం తర్వాత చూస్తే 131. 'ఇంకా దిగలేదేంటి?' అని బెంగ. కొడుకుది పూర్తిగా ఇంకో దారి. గుండె 170 దగ్గర కొట్టుకుంటున్నా లెక్కచేయడు, ఇరవై సెకన్లు తిరక్కుండానే మళ్లీ బార్ కిందికి దూరతాడు. ఒకే ఇంట్లో ఒకరికి అక్కర్లేని భయం, ఇంకొకరికి ఉండకూడని ధీమా.

ఆ భయానికీ కారణం లేకపోలేదు. 2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే కన్నుమూశారు. వ్యాయామం తర్వాత అస్వస్థతకు గురయ్యారన్న వార్త తెలుగు ఇళ్లనీ కుదిపేసింది. 'ఇక జిమ్ము మానెయ్' అంటూ పిల్లలతో పోట్లాడిన అమ్మలున్నారు. ఒక్క మరణాన్ని పట్టుకుని జిమ్ములన్నిటికీ తాళం వేయమనడం సబబు కాదు. కానీ బరువు దించాక గుండెలో ఏం జరుగుతుందో ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన అవసరమైతే ఉంది.

పగ్గం... ములుగర్ర

గుండెను కొట్టుకోమని ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని కుడివైపు పైగదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం ఉంటుంది. విద్యుత్ సంకేతాలను అది తనంతట తానే పుట్టిస్తుంది. ఏ నాడీ అదుపు చేయకుండా దాని మానాన దాన్ని వదిలేస్తే గుండె నిమిషానికి సుమారు వందసార్లు కొట్టుకుంటుంది. మరి తీరిగ్గా కూర్చున్నప్పుడు 70 దగ్గరే ఎందుకుంటోంది? వెనక్కి లాగి పట్టుకునే నాడి ఒకటుంది కాబట్టి. మెదడు కింది భాగంలో మొదలై మెడ మీదుగా గుండెకు దిగే ఆ నాడి పేరు వేగస్. పేరులో వేగం ఉన్నా అది చేసే పని వేగం తగ్గించడమే!

ఎడ్లబండి తోలే మనిషిని గుర్తుచేసుకోండి. ఒక చేతిలో పగ్గం, ఇంకో చేతిలో ములుగర్ర. వేగస్ నాడి పగ్గమైతే, అడ్రినలిన్ వంటి రసాయనాలతో గుండెను తరిమే సింపథెటిక్ నాడులు ములుగర్ర. వ్యాయామం మొదలెట్టగానే మెదడు ముందుగా పగ్గం వదులు చేస్తుంది. మొదటి బస్కీకే నాడి పైకి లేచేది అందుకే. శ్రమ పెరిగేకొద్దీ ములుగర్రకు పని తగులుతుంది. ఆపేశాక మళ్లీ ముందుగా బిగిసేది పగ్గమే. తొలి అర నిమిషంలో నాడి జారుడుబల్ల మీద నుంచి దిగినట్టు పడిపోయేది ముఖ్యంగా దానివల్లే. ములుగర్ర పోటు అంత త్వరగా తగ్గదు. రక్తంలో కలిసిన అడ్రినలిన్ తగ్గాలి, కండరాల్లో పేరుకున్నవి కొట్టుకుపోవాలి, ఒంట్లో వేడి దిగాలి. దానికి నిమిషాలు పడుతుంది. గట్టి కసరత్తయితే గంట దాటినా ఆశ్చర్యం లేదు.

ఈ తొలి అర నిమిషం విషయాన్ని 1994లో జపాన్ పరిశోధకులు లెక్కలతో సహా చూపించారు. క్రీడాకారుల్లో ఆ దిగుడు చాలా వేగంగా ఉంది. గుండె బలహీనపడిన రోగుల్లో మందంగా ఉంది. వేగస్‌ను అడ్డుకునే అట్రోపిన్ మందు ఇచ్చి చూస్తే ఆ తేడాలు చెరిగిపోయాయి. అంటే, బరువు దించాక మనం చూసే ఆ మొదటి అంకె గుండె కండరం బలం ఒక్కదాని గురించే కాదు, దాని పగ్గం ఎంత బాగా పనిచేస్తోందన్నదాని గురించి కూడా.

వేగస్ నాడి గుండెను ఎలా ఆపుతుందో కనిపెట్టిన కథ తమాషాగా ఉంటుంది. 1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్తకు నిద్రలో ఒక ప్రయోగం తట్టింది. లేచి కాగితం మీద గిలికాడు. తెల్లారాక చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్లీ అదే ఆలోచన వచ్చింది. ఈసారి ఆలస్యం చేయలేదు, నేరుగా ప్రయోగశాలకు పరుగెత్తాడు. ఒక కప్ప గుండెకున్న వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి ఇంకో కప్ప గుండె మీద పోశాడు. రెండోదీ నెమ్మదించింది! నాడి తీగలా లాగడం లేదు, ఒక రసాయనాన్ని విడుదల చేస్తోందన్నమాట. అదే అసిటైల్‌కొలీన్ అని తర్వాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి నోబెల్ వచ్చింది.

పన్నెండు... ఎవరి లెక్క?

గుండె వేగం తగ్గుదల గురించి కాస్త చదివినవాళ్లెవరైనా '12' అనే అంకె దగ్గరకు వస్తారు. అది అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 1999లో ప్రచురించిన అధ్యయనంలోది. ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్న 2,428 మందిని వాళ్లు ఆరేళ్లపాటు గమనించారు. సగటు వయసు 57. పరుగు ముగిశాక ఒక నిమిషంలో గుండె వేగం 12 లేదా అంతకంటే తక్కువ మాత్రమే తగ్గినవాళ్లను ఒక వర్గంగా, మిగిలినవాళ్లను ఇంకో వర్గంగా తీసుకున్నారు. ఆరేళ్లలో మొత్తం 213 మంది చనిపోయారు. వయసు, ఇతర జబ్బులు వగైరా అన్నిటినీ సర్దిచూసినా, నెమ్మదిగా తగ్గినవాళ్లకి ముప్పు దాదాపు రెట్టింపని తేలింది. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, సూది మందు అక్కర్లేదు. ఒక్క నిమిషం ఆగి నాడి చూస్తే చాలు. వైద్యలోకం దాన్ని ఇష్టపడిందంటే పడదూ మరి!

అయితే ఆ 12కి కొన్ని షరతులున్నాయి, వాటినే మనవాళ్లు మర్చిపోతారు. ఆ పరీక్షలో మనిషి తన శక్తి మేరకు పూర్తిగా అలసిపోయే దాకా నడిచాడు, పరుగెత్తాడు. ఆ తర్వాత హఠాత్తుగా ఆగకుండా రెండు నిమిషాలు నెమ్మదిగా నడిచాడు. ఆ నడకలోనే తగ్గుదల లెక్కపెట్టారు. ఆగగానే పడుకోబెట్టి చూసే పరీక్షల్లో హద్దు 12 కాదు, 18. ఎందుకంటే పడుకుంటే గుండె ఇంకా తొందరగా నెమ్మదిస్తుంది. పద్ధతి మారితే అంకె మారుతుంది. అలాంటప్పుడు ఆ అంకెను తెచ్చి డంబెల్స్ సెట్టుకు అంటగట్టడం, తూకం రాయితో గుడ్డ కొలిచినట్టే!

ఇంట్లో పాత టీఎంటీ రిపోర్టు ఉంటే ఒకసారి తీసి చూడండి. చివర్లో 'రికవరీ' అన్నచోట నిమిషాల వారీగా గుండె వేగం ఉంటుంది. 12తో పోల్చి చూడాల్సింది దాన్ని, అదీ మీ డాక్టరును పక్కన పెట్టుకుని.

ఊపిరి బిగబడితే...

నడకలోనూ పరుగులోనూ కాలి కండరాలు ఒక లయలో బిగుసుకుంటూ వదులవుతూ ఉంటాయి. ప్రతిసారీ అవి రక్తాన్ని పిండి గుండెకు పంపుతాయి. బరువులెత్తడం అలా కాదు. గట్టిగా బిగిసిన కండరం తన మధ్యలోంచి వెళ్లే రక్తనాళాలనే నొక్కేస్తుంది. రక్తం ముందుకు పోవాలంటే గుండె మరింత ఒత్తిడితో నెట్టాలి. దానికితోడు బరువైనది లేపేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు 30 కిలోలుంటుంది. దాన్ని వంటింట్లోకి జరిపేటప్పుడు మీ ఊపిరి ఎక్కడుందో ఈసారి గమనించండి!

మన వీరఘట్టం కోడి రామమూర్తినాయుడు ఛాతీకి ఇనుప గొలుసులు చుట్టించుకుని, ఊపిరి నింపి వాటిని తెంచేవారని చెప్పుకుంటాం. ఆయన ఏళ్ల తరబడి సాధన చేసిన మల్లుడు. ఊపిరి బిగబట్టి లోపలి నుంచి నెట్టే ఆ పనికి వైద్యశాస్త్రంలో ఒక పేరుంది... వల్సాల్వా. మూడొందల ఏళ్ల కిందటి ఇటలీ వైద్యుడి పేరది. ఇలా బిగబట్టినప్పుడు రక్తపోటు ఎంతదాకా వెళ్తుందో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1985లో కొలిచారు. బాడీబిల్డర్ల చేతి ధమనిలోకి సన్నని గొట్టం పంపి, రెండు కాళ్లతో బరువు నెట్టిస్తూ చూశారు. సగటున 320/250! ఒకరికైతే 480/350 దాటింది. డాక్టరు దగ్గర 140/90 వచ్చిందనే కంగారుపడే మనకు ఈ అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి. అది సెకన్ల పాటే ఉండే ఒత్తిడి, వాళ్లేమో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు. అయినా రక్తపోటు అదుపులో లేని నాన్న ఊపిరి బిగబట్టి పెద్ద బరువు ఎందుకు ఎత్తకూడదో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకా ఉంది. సెట్టు ముగిసి ఊపిరి వదలగానే, అప్పటిదాకా నొక్కుకుపోయిన రక్తనాళాలన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. రక్తం కండరాల్లోకి పరుగెడుతుంది. పోటు గభాలున పడుతుంది. కొందరికి కళ్ల ముందు చీకట్లు కమ్మేది అప్పుడే. పడిపోతున్న పోటును నిలబెట్టడానికి గుండె తన వేగాన్ని కాసేపు అలాగే పట్టుకుంటుంది. అందుకే బరువు దించిన మొదటి కొన్ని సెకన్లలో అంకె దిగకపోగా ఒక్కోసారి ఇంకాస్త పెరుగుతుంది కూడా. నాన్న వాచీలో కనబడింది జబ్బే అయి ఉండాలని లేదు. ఈ సర్దుబాటు కావచ్చు.

మొత్తం కసరత్తు ముగిశాకా తేడా కొనసాగుతుంది. అదే మనిషి ఒకరోజు సైకిలు తొక్కి, ఇంకోరోజు బరువులెత్తితే, బరువుల తర్వాతే వేగస్ పగ్గం నెమ్మదిగా చేతికొస్తుందని పరిశోధనల్లో కనిపించింది. ఇంటికొచ్చి టీ తాగుతున్నా నాడి మామూలు కంటే పది ఎక్కువగా ఉందంటే, మిగతా అంతా బాగున్నప్పుడు, హైరానా పడక్కర్లేదు.

భీమవరం బిడ్డ చెప్పిన గడియారం

మరి సెట్టుకీ సెట్టుకీ మధ్య ఎంతసేపు ఆగాలి? 'నాడి దిగేదాకా' అంటారు కొందరు. అది సగం జవాబే. మిగతా సగం మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దగ్గరుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని బయటపెట్టారు. బరువును ఒక్క ఉదుటున లేపే మొదటి కొన్ని సెకన్లకు కావాల్సిన శక్తిని అప్పటికప్పుడు అందించే నిల్వ అదే. ఒక బరువైన సెట్టుతో ఆ నిల్వ బాగా తరిగిపోతుంది. అందులో సగం తిరిగి నిండడానికి అర నిమిషం చాలు. పూర్తిగా నిండాలంటే మాత్రం మూడు నుంచి అయిదు నిమిషాలు కావాలి.

అంటే ఒంట్లో రెండు గడియారాలు నడుస్తున్నాయి. ఒకటి గుండెది, రెండోది కండరానిది. కుర్రాడి గుండె నిమిషంన్నరలో కుదుటపడొచ్చు, కండరం ఇంకా సిద్ధం కాకపోవచ్చు. అతని నాన్నకు కండరం సిద్ధమైనా గుండె ఇంకా పైనే ఉండొచ్చు. రెండింటిలో ఆలస్యంగా నడిచేదాన్ని బట్టి ఆగడం మంచిది. తేలిక డంబెల్స్‌కి ఒక నిమిషం, పెద్ద బరువులకి రెండు మూడు నిమిషాలు అని జిమ్ముల్లో చెప్పేది ఊరికే కాదు. మాట మధ్యలో ఆయాసం లేకుండా ఓ పెద్ద వాక్యం చెప్పగలిగితే తర్వాతి సెట్టుకు వెళ్లొచ్చనేది ఇంకో గుర్తు. పాతకాలపు తాలింఖానాల్లో వాచీలెక్కడివి?

చూసుకోవడం ఇలా...

గుండె వేగం కోసం మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరి. మెడ దగ్గర నొక్కి చూడొద్దు. అక్కడ ధమనిలో రక్తపోటును పసిగట్టే కణాలుంటాయి. నొక్కితే అవే గుండెను నెమ్మదింపజేస్తాయి, లెక్క తప్పుతుంది, పెద్దవాళ్లయితే కళ్లు తిరిగి పడొచ్చు. ఇక వాచీలంటారా... చర్మం మీద కాంతి ప్రసరింపజేసి రక్త ప్రవాహాన్ని పట్టే ఆ సాధనాలు నడకలో బాగానే పనిచేస్తాయి. పిడికిలి బిగించి బరువు పట్టుకున్నప్పుడు తడబడతాయి, కాస్త ఆలస్యంగానూ చూపిస్తాయి. ఛాతీకి కట్టుకునే పట్టీలు నయం.

పక్కవాడి అంకెతో పోటీ పెట్టుకోవడం వృథా. మీ అంకెను మీ పోయిన నెల అంకెతోనే పోల్చుకోండి. అదే వ్యాయామం, అదే బరువు, అదే వేళ. దించగానే ఎంత, నిలబడి నెమ్మదిగా అటూ ఇటూ నడుస్తూ ఒక నిమిషం తర్వాత ఎంత, రెండు నిమిషాలకి ఎంత... ఓ పాత నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకుంటే చాలు. రాత్రి నిద్ర లేకపోయినా, జ్వరం తగిలినా, కాఫీ ఎక్కువైనా, మే నెల ఉక్కలో చేసినా ఆ అంకెలు పాడవుతాయి. ఒక్కరోజు తేడాకు అర్థం వెతకొద్దు. వారాల తరబడి అదే పనికి గుండె మునుపటి కంటే ఎక్కువ కొట్టుకుంటూ, నెమ్మదిగా దిగుతుంటే మాత్రం విశ్రాంతి చాలడం లేదనుకోవాలి.

బరువు లేపేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. చివరి సెట్టు అవగానే కూలబడకుండా అయిదు నిమిషాలు నడవాలి. హఠాత్తుగా ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచిపోతుంది మరి. ఛాతీలో నొక్కినట్టుండటం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, స్పృహ తప్పడం, గుండె లయ తప్పి గిలగిలలాడినట్టు అనిపించడం, చేసిన పనికి పొంతన లేని ఆయాసం... వీటిలో ఏది కనబడినా నిమిషాలు లెక్కపెడుతూ కూర్చోకూడదు. అంబులెన్సుకు ఫోన్ చేయాల్సిందే, అంకె ఎంతున్నా సరే. చిన్నవయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయినవాళ్లు కుటుంబంలో ఉంటే బరువులు మొదలెట్టకముందే డాక్టరును కలవాలి.

ఇవన్నీ చదివి డంబెల్స్ అటకెక్కించేస్తారేమో! 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన పాత సూచనలను సవరిస్తూ, గుండె జబ్బు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ బరువుల వ్యాయామం సురక్షితమని, మేలు చేస్తుందని చెప్పింది. వారానికి కనీసం రెండు రోజులు, ఒక మోస్తరు బరువుతో ఒక్కో వ్యాయామం 8 నుంచి 12 సార్లు. అంతే. గుండె జబ్బున్నవాళ్లు మాత్రం వైద్యుల పర్యవేక్షణలో మొదలెట్టాలి.

నెమ్మదిగా దిగే గుండె ఎప్పటికీ అలాగే ఉండిపోదు కూడా. గుండె జబ్బు తర్వాత పర్యవేక్షణలో వ్యాయామం చేసినవారి వివరాలను క్లీవ్‌లాండ్ క్లినిక్కే 2011లో ప్రచురించింది. మొదట్లో తగ్గుదల సరిగా లేనివాళ్లు 544 మందైతే, వ్యాయామ శిక్షణ ముగిసేసరికి వాళ్లలో 225 మందికి అది మామూలు స్థాయికి వచ్చింది. వేగస్ కూడా సాధనకు లొంగుతుందన్నమాట.

చివరగా మాత్రల సంగతి. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి రక్తపోటుకూ గుండెకూ మన ఇళ్లలో చాలామంది వాడుతున్నారు. ఇవి ములుగర్ర పోటు గుండె మీద పడకుండా అడ్డుకుంటాయి. అందువల్ల ఎంత కష్టపడ్డా అంకె పెద్దగా పెరగదు. పెరగనిది ఎంతని దిగుతుంది? కొడుకు 170 నుంచి 40 దిగాడని, తాను 110 నుంచి 14 మాత్రమే దిగానని నాన్న దిగులు పడనక్కర్లేదు. అంకె కోసం మాత్ర మానేయడం అన్నిటికంటే ప్రమాదం. అలా హఠాత్తుగా ఆపితే గుండె ఎదురుతిరుగుతుంది. టీఎంటీ చేయించుకునే రోజు ఉదయం ఆ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నదీ రాసిచ్చిన డాక్టరునే అడగాలి. వేసుకుని వెళ్తే ఆ సంగతి రిపోర్టు మీద రాయించుకోవాలి.